పాలిమర్ గుణం గొలుసులో ఉంది

(హనుమకొండలో విద్యార్థులు, అధ్యాపకులు, రైతులు, నేత కార్మికుల కుటుంబాలు హాజరైన సభలో ఇచ్చిన ప్రసంగానికి లిఖిత పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, తోటి అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

పాలిమర్ అనగానే మనలో చాలామందికి ప్లాస్టిక్ కవర్ గుర్తుకొస్తుంది. రసాయన శాస్త్రం దృష్టిలో ఆ జాబితా చాలా పెద్దది. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి పాలిమరే. మధ్యాహ్నం మనం తిన్న అన్నంలో నీటిని తీసేస్తే మిగిలే దానిలో అధిక భాగం పాలిమరే. మహాదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లో మద్దిచెట్ల మీద పెంచే దసలి పట్టు, యూరియా బస్తా, బోరు పైపు, సైకిల్ ట్యూబు, కుక్కర్ పిడి అన్నీ ఆ కోవలోనివే. ఇన్ని వస్తువులు ఒకే కుటుంబానికి చెందినవైనప్పుడు ఒకటి నీటిలో నానితే మరింత గట్టిపడడం, మరొకటి నానితే చిరిగిపోవడం, ఒకటి వేడికి కరగడం, మరొకటి కరగకుండా మాడిపోవడం ఎందుకు జరుగుతున్నదన్నదే ఈనాటి విషయం. నా అభిప్రాయాన్ని ముందే చెప్పి, తరువాత ఒక్కొక్క ఉదాహరణతో నిరూపించే ప్రయత్నం చేస్తాను. పాలిమర్‌ను ఏ ముడిపదార్థంతో చేశారన్నది దాని గుణాన్ని కొంతవరకే నిర్ణయిస్తుంది. గొలుసు ఎంత పొడవుంది, ఏ విధంగా అమరింది, పక్క గొలుసును ఎంత గట్టిగా పట్టుకుంది అనే మూడు సంగతులు మిగతాదంతా నిర్ణయిస్తాయి.

మోనోమర్ అనే చిన్న అణువులు వందలు, వేలు, కొన్నిసార్లు లక్షల సంఖ్యలో సమయోజనీయ బంధాలతో (ఎలక్ట్రాన్లను పంచుకోవడం వలన ఏర్పడే గట్టి బంధాలతో) వరుసగా కలిస్తే పాలిమర్ ఏర్పడుతుంది. ఈ నిర్వచనం ఇంటర్ విద్యార్థికి కంఠతా వస్తుంది కాని, వందేళ్ల కిందట ఈ మాట అన్న శాస్త్రవేత్తను తోటివారు నమ్మలేదు. రబ్బరు, సెల్యులోజ్ వంటి పదార్థాలలో చిన్న అణువులే ఏదో బలహీనమైన ఆకర్షణతో గుమిగూడి ఉంటాయని అప్పటి రసాయన శాస్త్రవేత్తలు భావించేవారు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ స్టాడింగర్ 1920లో ప్రచురించిన వ్యాసంలో, ఇవి నిజమైన రసాయన బంధాలతో కూడిన పొడవైన గొలుసులని ప్రతిపాదించారు. ఆ మాట నెగ్గడానికి పదేళ్లకు పైగా పట్టింది. నోబెల్ బహుమతి ఆయనకు 1953లో, డెబ్బై రెండేళ్ల వయసులో వచ్చింది. అంతకు ఎంతో ముందే సెల్యులాయిడ్, బేకలైట్, రబ్బరు టైర్లు బజారులో అమ్ముడవుతున్నాయి. చేతికి తెలిసిన పని బుద్ధికి అర్థం కావడానికి అంతకాలం పట్టిన రంగాలలో ఇదొకటి.

ఇక పత్తితో మొదలుపెడదాం. పత్తి దూదిలో నూటికి తొంభై పాళ్లకు పైగా సెల్యులోజ్ ఉంటుంది. సెల్యులోజ్‌ను నిర్మించే అణువు గ్లూకోజ్. బియ్యంలోని పిండిపదార్థాన్ని నిర్మించేదీ అదే గ్లూకోజ్. రెండింటికీ తేడా, ఒక గ్లూకోజ్ పక్కదానితో కలిసే బంధం ఏ వైపుకు తిరిగి ఉందన్న ఒక్క విషయంలోనే ఉంది. పిండిపదార్థంలో ఆల్ఫా బంధం ఉండడం వలన గొలుసు మెలికలు తిరుగుతుంది, నీరు సులభంగా లోపలికి చొరబడుతుంది, ఉడికిస్తే ఉబ్బి గంజి అవుతుంది, మన ఉమ్మిలోని ఎంజైమ్ దానిని కత్తిరించగలుగుతుంది. సెల్యులోజ్‌లో బీటా బంధం ఉంది కనుక గొలుసు తిన్నగా సాగుతుంది. తిన్నని గొలుసులు పక్కపక్కన చేరి హైడ్రోజన్ బంధాలతో (ఒక గొలుసులోని హైడ్రోజన్‌కు, పక్క గొలుసులోని ఆక్సిజన్‌కు నడుమ ఉండే ఆకర్షణతో) ఒకదానినొకటి బిగించుకుని స్ఫటికాలు ఏర్పరుస్తాయి. ఎంత ఉడికించినా పత్తి గంజి కాదు, తిన్నా మనకు అరగదు. పశువులకు గడ్డి అరుగుతున్నదంటే దానికి కారణం వాటి కడుపులో నివసించే సూక్ష్మజీవులే.

ఈ బంధుత్వాన్ని మన చేతివృత్తులవారు ఏ పుస్తకమూ చదవకుండానే వాడుకున్నారు. నేతకు ముందు నూలు పడుగుకు గంజి పెట్టడం అందరికీ తెలిసినదే. గంజిలోని గొలుసుల మీద ఉన్న హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్) సమూహాలు నూలులోని హైడ్రాక్సిల్ సమూహాలను పట్టుకోవడం వలన పోగు చుట్టూ పొర ఏర్పడుతుంది, రాపిడికి పడుగు తెగదు. అదే గంజి పాలిస్టర్ పోగును అంత బాగా పట్టదు. పాలిస్టర్ నూలుకు సైజింగ్, అంటే గంజి లాంటి పూత, చేసేచోట పాలీవినైల్ ఆల్కహాల్ లేదా ఆక్రిలిక్ రకం జిగురును వాడేది అందుకే. చేర్యాల నకాశీ చిత్రకారులు బొమ్మ వేసే ముందు గుడ్డకు సుద్ద మట్టితో పాటు చింతగింజల అంబలి పట్టిస్తారు. చింతగింజలోని పాలిమర్ పేరు జైలోగ్లూకాన్. దాని వెన్నెముక సెల్యులోజ్ గొలుసు లాంటిదే, కాకపోతే పక్కలకు చక్కెర అణువుల కొమ్మలు ఉంటాయి. వెన్నెముక ఒకటే కావడం వలన అది నూలుగుడ్డకు గట్టిగా అంటుకుంటుంది. కొమ్మలు ఉండడం వలన స్ఫటికంగా బిగుసుకోలేక వేడినీటిలో కరుగుతుంది. నిర్మాణాన్ని బట్టి గుణం నిర్ణయమవుతుందనడానికి ఇంతకన్న చక్కని పాఠం ప్రయోగశాలలో దొరకదని నా నమ్మకం.

గొలుసు పొడవు ఏం చేస్తుందో చూడడానికి గోదావరి ఒడ్డుకు వెళ్లాలి. ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలో కలపగుజ్జు కర్మాగారం ఒకటి ఉండేదని మీలో చాలామందికి తెలుసు. ఏపీ రేయన్స్‌గా మొదలై తరువాత బిల్ట్ (బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్) చేతిలోకి వెళ్లి, 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. అక్కడ తయారైనది కాగితానికి వాడే మామూలు గుజ్జు కాదు, రేయాన్ దారానికి పనికివచ్చే శుద్ధమైన సెల్యులోజ్ గుజ్జు. కలపలో సెల్యులోజ్‌తో పాటు లిగ్నిన్, హెమీసెల్యులోజ్ కూడా పెనవేసుకుని ఉంటాయి. వాటిని రసాయనాలతో ఉడికించి, బ్లీచింగ్ చేసి తొలగించి దాదాపు సెల్యులోజ్ మాత్రమే మిగిలేటట్టు చేయడం ఆ పరిశ్రమ పని.

ఆ గుజ్జు దారంగా మారే విధానాన్ని 1892లో ఇంగ్లండ్‌లో క్రాస్, బెవాన్, బీడిల్ అనే ముగ్గురు పేటెంట్ చేశారు. గుజ్జును సుమారు 18 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెట్టి, పిండి, కొంతకాలం మాగనిస్తారు. ఆ మాగుడులో గాలిలోని ఆక్సిజన్ గొలుసులను అక్కడక్కడా తెంపుతుంది, కావాలనే అలా తెంపనిస్తారు. తరువాత కార్బన్ డైసల్ఫైడ్‌తో చర్య జరిపిస్తే నారింజ రంగు పదార్థం వస్తుంది. దానిని పలుచని కాస్టిక్ సోడాలో కరిగిస్తే తేనెలాంటి చిక్కని ద్రావణం, అంటే విస్కోస్ ఏర్పడుతుంది. దానిని సన్నని రంధ్రాల గుండా సల్ఫ్యూరిక్ ఆమ్లపు తొట్టిలోకి నెడితే సెల్యులోజ్ మళ్లీ గట్టిపడి దారంగా బయటికి వస్తుంది. ఇన్ని దశలు దాటి చివరికి చేతికొచ్చేది మొదలుపెట్టిన సెల్యులోజే. కార్బన్ డైసల్ఫైడ్ విషపూరితమైనది, నాడీ మండలాన్ని దెబ్బతీస్తుంది. విస్కోస్ కర్మాగారాల చరిత్రలో కార్మికులు దాని వలన చాలా బాధపడ్డారన్న సంగతి ఇక్కడ చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు.

పత్తి గొలుసులో సుమారు పదివేల గ్లూకోజ్ యూనిట్లు ఉంటాయి. విస్కోస్‌కు వచ్చేసరికి అవి మూడు నాలుగు వందలకు పడిపోతాయి. రసాయనికంగా రెండూ సెల్యులోజే, కాల్చినా కాగితం కాలిన వాసనే వస్తుంది. నీటిలో తడిపితే మాత్రం రెండింటి దారులూ వేరవుతాయి. పత్తి పోగు తడిసినప్పుడు బలం పెరుగుతుంది, విస్కోస్ పోగు తడిస్తే బలంలో సగం వరకు కోల్పోతుంది. పొట్టి గొలుసులు, తక్కువ స్ఫటికత ఉన్న చోట నీటి అణువులు దూరి హైడ్రోజన్ బంధాలను విడదీస్తాయి. పొడవైన గొలుసులు అనేక స్ఫటికాల గుండా సాగి ఉంటాయి కనుక నీరు వాటిని విడదీయలేదు సరికదా, మధ్యలో ఉన్న బిగువును సడలించి బరువు అన్ని గొలుసుల మీదా సమానంగా పడేటట్టు చేస్తుంది. రేయాన్ చీరను రాతి మీద బాదవద్దని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాట వెనుక ఉన్న శాస్త్రం ఇది.

తేమ విషయంలోనూ ఇదే కథ. ప్రామాణిక తేమ ఉన్న గదిలో ఉంచితే పత్తి తన బరువులో సుమారు 8.5 శాతం నీటిని పట్టుకుంటుంది, విస్కోస్ 13 శాతం దాకా పట్టుకుంటుంది, పాలిస్టర్ 0.4 శాతం దగ్గరే ఆగిపోతుంది. మే నెలలో వరంగల్ ఎండలో పాలిస్టర్ చొక్కా వేసుకుని తిరిగినవారికి ఈ అంకెలు మళ్లీ చెప్పనవసరం లేదు.

1934లో స్థాపించిన ఆజంజాహి మిల్లు నడిచిన కాలంలో ఈ నగరానికి దారమంటే పత్తి నూలే. ఇప్పుడు సిరిసిల్ల మరమగ్గాల మీద పాలిస్టర్ నూలుకు ఎంత ప్రాధాన్యం వచ్చిందో మీరు చూస్తున్నారు. కనుక పాలిస్టర్ తయారీ గురించి కొంచెం వివరంగా మాట్లాడతాను. అమెరికాలో డ్యూపాంట్ సంస్థలో పనిచేసిన వాలెస్ కరోథర్స్ 1935లో నైలాన్‌ను రూపొందించారు. ఆయన పాలిస్టర్లను కూడా ప్రయత్నించారు కాని, ఆ రకం పాలిస్టర్లు తక్కువ వేడికే మెత్తబడడంతో పక్కన పెట్టారు. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు టెరిఫ్తాలిక్ ఆమ్లాన్ని వాడి చూశారు. గొలుసులో బెంజీన్ వలయం చేరడంతో అది బిరుసెక్కి, ద్రవీభవన స్థానం 250 డిగ్రీల సెల్సియస్ దాటింది. ఈనాటి పాలిస్టర్ చీర, నీళ్ల సీసా రెండూ దాని సంతానమే.

ఇందులో ఒక అణువుకు రెండు చివరలా ఆమ్ల సమూహాలు, ఇంకొక అణువుకు రెండు చివరలా ఆల్కహాల్ సమూహాలు ఉంటాయి. అవి కలిసినప్పుడల్లా ఒక చిన్న అణువు, మొదట నీరు, చివరి దశలో ఇథిలీన్ గ్లైకాల్, బయటికి వెళ్లిపోతుంది. దీనిని సంఘనన పాలిమరీకరణం అంటారు. కరోథర్స్ దీనికి ఒక సులభమైన లెక్క ఇచ్చారు. చర్య జరగకుండా మిగిలిన భాగంతో ఒకటిని భాగిస్తే గొలుసు సగటు పొడవు వస్తుంది. అంటే నూటికి 95 సమూహాలు చర్య జరిపితే గొలుసులో సగటున 20 యూనిట్లు ఉంటాయి. నూటికి 98 అయితే 50, నూటికి 99 అయితే 100, నూటికి 99.5 అయితే 200. పరీక్షలో 95 మార్కులు వస్తే మన ఇళ్లలో మిఠాయి పంచుతారు, పాలిస్టర్ రియాక్టర్‌లో 95 శాతం చర్య జరిగితే వచ్చేది దారం తీయడానికి పనికిరాని పెళుసు పదార్థం. దారానికి సుమారు వంద యూనిట్లయినా కావాలి. ఆ చివరి నాలుగు శాతం కోసమే దాదాపు 280 డిగ్రీల వేడి, బలమైన శూన్యం, ఆంటిమొనీ ఉత్ప్రేరకం అవసరమవుతాయి. బయటికి రావలసిన గ్లైకాల్‌ను శూన్యంతో లాగకపోతే చర్య వెనక్కి మళ్లుతుంది. కర్మాగారపు ఖర్చులో పెద్ద భాగం ఈ చివరి అడుగుకే పోతుందని ఇంజనీరింగ్ విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

అలా వచ్చిన పాలిస్టర్‌ను కరిగించి సన్నని రంధ్రాల పళ్లెం గుండా నెట్టి, గాలితో చల్లార్చి, దారంగా చుడతారు. అప్పుడే వచ్చిన దారం లాగితే సాగిపోతుంది, నేతకు పనికిరాదు. దానిని వేడిచేస్తూ కొన్ని రెట్లు పొడవుగా లాగినప్పుడు, చిక్కుపడి ఉన్న గొలుసులు దారం పొడవునా వరుసగా నిలుస్తాయి, స్ఫటికాలు ఏర్పడతాయి, బలం వస్తుంది. లాగకముందు, లాగిన తరువాత రసాయన సూత్రం ఒక్కటే. మారినది అమరిక మాత్రమే.

ఇప్పుడు రెండో పద్ధతికి, అంటే సంకలన పాలిమరీకరణానికి వద్దాం. ఇథిలీన్ అనే వాయువులో రెండు కార్బన్ల మధ్య ద్విబంధం ఉంటుంది. అది తెరుచుకుని పక్క అణువుతో చేయి కలిపితే, ఏ ఉపపదార్థమూ వెలువడకుండా గొలుసు పెరుగుతుంది. 1933లో ఇంగ్లండ్‌లో ఐసీఐ సంస్థలో ఫాసెట్, గిబ్సన్ అనేవారు ఇథిలీన్‌ను బెంజాల్డిహైడ్‌తో కలిపి వెయ్యి అట్మాస్ఫియర్లకు మించిన పీడనంలో చర్య జరిపించే ప్రయత్నం చేశారు. అనుకున్నది రాలేదు కాని, పాత్ర గోడలకు మైనం లాంటి తెల్లని పదార్థం అంటుకుని కనిపించింది. మళ్లీ చేయబోతే కొన్నిసార్లు పేలుడు జరిగింది, కొన్నిసార్లు ఏమీ రాలేదు. రెండేళ్ల తరువాత తేలినదేమంటే, ఇథిలీన్‌లో పొరపాటున చేరిన కొద్దిపాటి ఆక్సిజనే చర్యను మొదలుపెట్టిందట. 1939 నుంచి పరిశ్రమ స్థాయిలో తయారైన ఆ పాలిథీన్, రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తీగలకు తొడుగుగా ఉపయోగపడింది.

ఆ పద్ధతిలో గొలుసు పెరుగుతూ పెరుగుతూ తన మీదికే వంగి కొమ్మలు వేస్తుంది. కొమ్మలున్న గొలుసులు దగ్గరగా సర్దుకోలేవు కనుక సాంద్రత 0.91 నుంచి 0.93 మధ్య ఉంటుంది, పదార్థం మెత్తగా, మసకగా పారదర్శకంగా ఉంటుంది. పాల ప్యాకెట్‌లో వాడేది ఈ కోవకు చెందిన పాలిథీన్. 1953లో కార్ల్ జీగ్లర్ టైటానియం టెట్రాక్లోరైడ్‌ను అల్యూమినియం ఆల్కైల్‌తో కలిపి ఒక ఉత్ప్రేరకాన్ని రూపొందించారు. దానితో వేల అట్మాస్ఫియర్ల అవసరం తప్పింది, కొద్దిపాటి పీడనంలోనే కొమ్మలు లేని తిన్నని గొలుసులు వచ్చాయి. అవి దగ్గరగా సర్దుకుంటాయి, సాంద్రత 0.94 పైన ఉంటుంది, 130 డిగ్రీల దగ్గర గాని కరగవు. నీళ్ల డ్రమ్ములు, పైపులు, షేడ్ నెట్లు దానితో చేసినవే. ఇదే ఇథిలీన్ గొలుసును అణుభారం ముప్పై లక్షలు దాటేదాకా పెంచితే మోకాలి మార్పిడి శస్త్రచికిత్సలో రెండు లోహపు భాగాల నడుమ పెట్టే బిళ్ల తయారవుతుంది, దాని గొలుసులను పూర్తిగా ఒకే వైపుకు లాగి పోగుగా తీస్తే బుల్లెట్‌ను ఆపే కవచానికి పనికొస్తుంది. పాల ప్యాకెట్‌కూ ఆ కవచానికీ ముడి అణువు ఒక్కటే.

జీగ్లర్ ఉత్ప్రేరకాన్ని ఇటలీ శాస్త్రవేత్త గియులియో నట్టా 1954లో ప్రొపిలీన్ మీద ప్రయోగించారు. ప్రొపిలీన్ గొలుసులో ప్రతి రెండో కార్బన్‌కు ఒక మిథైల్ సమూహం వేలాడుతుంది. అవి ఒకటి ఇటు, ఒకటి అటు, క్రమం లేకుండా ఉంటే వచ్చేది చేతికి అంటుకునే మెత్తని పదార్థం. అన్నీ ఒకే వైపు ఉంటే గొలుసు చక్కని సర్పిలాకారం దాల్చి, స్ఫటికీకరించి, 160 డిగ్రీలకు పైన కరిగే గట్టి పాలీప్రొపిలీన్ అవుతుంది. 1963 నోబెల్ బహుమతిని ఇద్దరూ పంచుకున్నారు.

ఇళ్లలో దొరికే ఒక పాత యూరియా బస్తా తీసుకోండి. అది పాలీప్రొపిలీన్ లేదా పాలిథీన్ పట్టీలతో నేసినది. ఒక పట్టీని ఊడదీసి పొడవునా లాగితే చేయి కోసుకుపోతుంది గాని పట్టీ తెగదు. అదే పట్టీని గోటితో అడ్డంగా విప్పితే పీచులు పీచులుగా చీలిపోతుంది. కర్మాగారంలో పలుచని పొరను సన్నగా కోసి పొడవు దిశలో లాగడం వలన గొలుసులన్నీ ఆ దిశలోనే నిలిచాయి. పొడవునా మనం తెంపవలసినది సమయోజనీయ బంధాలను, అడ్డంగా విడదీయవలసినది గొలుసుల మధ్య ఉన్న బలహీనమైన ఆకర్షణను. ఈ ప్రయోగానికి పరికరం అవసరం లేదు, బడిపిల్లలతో చేయించవచ్చు.

అదే బస్తాను గోడ మీద ఏడాదిపాటు ఎండకు వదిలేస్తే పట్టుకోగానే పొడిగా రాలుతుంది. మిథైల్ సమూహం అతికి ఉన్న కార్బన్ దగ్గరి హైడ్రోజన్‌ను అతినీలలోహిత కిరణాలు, ఆక్సిజన్ కలిసి సులభంగా లాగేయగలవు. అక్కడి నుంచి గొలుసు తెగడం మొదలవుతుంది, పొడవు తగ్గుతుంది, పొట్టి గొలుసుల పదార్థం పెళుసవుతుంది. పాలిథీన్‌లో ఆ బలహీన స్థానాలు తక్కువ గాని, దానికీ రక్షణ కావాలి. డ్రిప్ పైపులను నల్లగా చేయడానికి కారణం ఇదే. వాటిలో రెండు, రెండున్నర శాతం కార్బన్ బ్లాక్ కలుపుతారు. అది కిరణాలను తానే పీల్చుకుని గొలుసుల దాకా పోనివ్వదు.

బోరు పైపుల పాలీవినైల్ క్లోరైడ్ గురించి రెండు మాటలు చెప్పాలి. దాని బరువులో సుమారు 57 శాతం క్లోరిన్, అది ఉప్పు నుంచి వస్తుంది. క్లోరిన్ పరమాణువుల వలన గొలుసులు ఒకదానినొకటి బలంగా ఆకర్షించుకుని పదార్థం గట్టిగా ఉంటుంది. వాల్డో సెమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1926లో దానిలో కొన్ని నూనెలాంటి ద్రవాలను కలిపి మెత్తబరిచారు. ఆ ద్రవపు అణువులు గొలుసుల మధ్య దూరి వాటిని ఎడంగా ఉంచుతాయి. మోటారు తీగల తొడుగు ఇలా మెత్తబరచినదే. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ద్రవం మెల్లగా బయటికి పోవడం వలన పాత తీగ గట్టిపడి పగులుతుంది. రాగి కోసం ఆ తీగలను కాల్చేవారు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును, ఇంకా ప్రమాదకరమైన క్లోరిన్ సమ్మేళనాలను పీలుస్తున్నారు. ఆ పని ఎక్కడ కనబడినా మాన్పించాలి.

పాలిమర్లకు ద్రవీభవన స్థానంతో పాటు గాజు పరివర్తన ఉష్ణోగ్రత అని ఇంకొకటి ఉంటుంది. దానికి దిగువన గొలుసులు కదలలేవు, పదార్థం గాజులా బిరుసుగా ఉంటుంది. దానికి ఎగువన గొలుసుల భాగాలు మెదలడం మొదలుపెడతాయి. పాలీస్టైరీన్‌కు ఇది సుమారు 100 డిగ్రీలు కనుక పలుచని గ్లాసును నలిపితే పటుక్కున పగులుతుంది. నీళ్ల సీసా ప్లాస్టిక్‌కు అది 70, 80 డిగ్రీల మధ్య. వేడి టీని ఆ సీసాలో పోస్తే ముడుచుకుపోవడం మీరు చూసే ఉంటారు. సీసా తయారీలో ఊది సాగదీసినప్పుడు తిన్నగా నిలిచిన గొలుసులు, కదిలే అవకాశం దొరకగానే మళ్లీ చుట్టలు చుట్టుకుంటాయి. సీసా కరిగిందని అందరూ అంటారు గాని, అది కరగాలంటే ఇంకో 170 డిగ్రీలైనా కావాలి.

రబ్బరు ఈ లెక్కలో రెండో కొస. సహజ రబ్బరు గాజు పరివర్తన ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 70 డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక మన వాతావరణంలో దాని గొలుసులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. లాగితే సాగుతాయి, కాని ఒకదాని మీద ఒకటి జారిపోతాయి, వేసవిలో జిగటగా మారుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో వేడిచేసినప్పుడు గొలుసుల మధ్య అక్కడక్కడా వంతెనలు పడి, జారుడు ఆగింది, సాగిన రబ్బరు తిరిగి వెనక్కి రాగలిగింది. గంధకం కొద్ది శాతం ఉంటే ట్యూబు, ముప్పై శాతం దాటితే నల్లరాయిలాంటి ఎబొనైట్. వంతెనలు ఇంకా దట్టమైతే గొలుసు అనే మాటకే అర్థం ఉండదు, వస్తువు మొత్తం ఒకే వల అవుతుంది. 1907లో లియో బేక్‌లాండ్ ఫీనాల్, ఫార్మాల్డిహైడ్‌లతో చేసిన బేకలైట్ అటువంటిది. పాత ఇళ్లలోని నల్ల స్విచ్‌లు, కుక్కర్ పిడి ఆ జాతివే. అవి మళ్లీ కరగవు, మితిమీరి వేడిచేస్తే మాడతాయి. ప్లైవుడ్ చెక్కలను అతికించే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా ఈ వల రకమే. రామగుండంలో తయారయ్యే పొలం యూరియాకు వేపనూనె పూత పూయడానికి ఉన్న కారణాలలో, రాయితీ ఎరువు ఇటువంటి పరిశ్రమలకు తరలిపోకుండా చూడడం కూడా ఒకటి. 2015లో ఆ పూతను తప్పనిసరి చేశారు.

వేడికి మెత్తబడేవి, మెత్తబడనివి, సాగేవి, పోగులయ్యేవి అని పాఠ్యపుస్తకాలు వేసే విభజన తప్పు కాదు గాని, విద్యార్థి దానినే పట్టుకుంటే పట్టిక కంఠస్థం అవుతుంది, కారణం అర్థం కాదు. నైలాన్‌ను దారంగా తీస్తే పోగు, అచ్చు పోస్తే గేరు చక్రం. దానిని ఏ వర్గంలో వేయాలి? వస్తువుగా మలిచే పద్ధతులు కూడా గొలుసు పొడవును బట్టే ఉంటాయి. కరిగించి అచ్చులోకి వేగంగా నెట్టే కుర్చీకి పొట్టి గొలుసులు కావాలి, మెత్తని గొట్టంలోకి గాలి ఊది చేసే బిందెకు, తన బరువుకు జారిపోకుండా నిలబడగల పొడవైన గొలుసులు కావాలి. పొడిని వేడి అచ్చులో తిప్పుతూ ఇంటి మీది నీళ్ల ట్యాంకు చేస్తారు.

చివరగా వాడిన తరువాతి సంగతి. నీళ్ల సీసాను ఏరి, కడిగి, ముక్కలు చేసి, కరిగించి పాలిస్టర్ పోగుగా మార్చడం మన దేశంలో బాగానే సాగుతోంది. సీసాకు వాడే పాలిస్టర్ గొలుసులు దారానికి వాడేవాటికన్న పొడవైనవి. తేమతో కలిసి కరిగినప్పుడు కొన్ని గొలుసులు తెగినా దారానికి సరిపోయేంత పొడవు మిగులుతుంది. దారం నుంచి మళ్లీ సీసా చేయాలంటే ఆ గొలుసులను తిరిగి పెంచాలి, ఖర్చు పెరుగుతుంది. చిప్స్ ప్యాకెట్ల వంటి వాటిలో రెండు మూడు రకాల పొరలు అతికి ఉంటాయి. ఒకటి కరిగే వేడికి ఇంకొకటి కరగదు, విడదీయడం కష్టం, ఏరేవారు వాటిని ముట్టుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. మూత, సీసా, పైపు, కవర్ ముక్కలను బకెట్ నీటిలో వేస్తే పాలిథీన్, పాలీప్రొపిలీన్ తేలతాయి, సీసా ప్లాస్టిక్, పైపు ముక్క మునుగుతాయి. వేరుచేసే కర్మాగారాల్లో వాడే ఒక పద్ధతి కూడా ఇదే.

మిరప రైతులు ఈ సభలో ఉన్నారు కనుక మొక్కల చుట్టూ నేల మీద పరిచే మల్చింగ్ షీటు గురించి చెప్పి ముగిస్తాను. ఆ షీటు పాలిథీన్, 25 లేదా 30 మైక్రాన్ల మందం (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). దాని వెన్నెముకలో ఉన్నవన్నీ కార్బన్-కార్బన్ బంధాలు, నేలలోని సూక్ష్మజీవులు పట్టి తెంపడానికి అనువైన స్థానం వాటిలో లేదు. నేలలో కలిసిపోతుందని బజారులో రెండు వేర్వేరు సరుకులు అమ్ముతారు. ఒకదానిలో పాలిథీన్‌కే లోహ లవణాలు కలుపుతారు. అది ఎండకు త్వరగా ముక్కలవుతుంది, ముక్కలు మట్టిలో ఉండిపోతాయి, నా దృష్టిలో ఇది మామూలు షీటుకన్న చెడ్డది, ఎందుకంటే ఏరే అవకాశం కూడా పోతుంది. రెండో రకం ఎస్టర్ బంధాలున్న, అంటే ఆమ్ల, ఆల్కహాల్ సమూహాలు కలిసి ఏర్పడే బంధాలున్న పాలిమర్లతో చేసినది. ఆ బంధాలను నీరు, ఎంజైమ్‌లు తెంపగలవు. మక్కజొన్న పిండిపదార్థం నుంచి తీసిన లాక్టిక్ ఆమ్లంతో చేసే పాలీలాక్టిక్ ఆమ్లం ఈ కోవదే అయినా, అది కుళ్లాలంటే 60 డిగ్రీలకు దగ్గరగా వేడెక్కే కంపోస్టు కుప్ప కావాలి, చెలక మట్టిలో ఆ వేడి రాదు. మట్టిలో వాడే షీట్లకు పీబీఏటీ అనే మెత్తని పాలిస్టర్ ఎక్కువ అనుకూలం, అయితే ధర ఎక్కువ. కంపోస్టు అయ్యే ప్లాస్టిక్‌కు మన దేశంలో ఐఎస్ 17088 అనే ప్రమాణం ఉంది, అది కంపోస్టు కుప్పకు సంబంధించినదే తప్ప పొలం మట్టికి హామీ కాదు. కనుక అమ్మేవారిని షీటు ఏ పాలిమర్‌తో చేశారో, మట్టిలో ఎంతకాలానికి విరుగుతుందో అడగండి. స్పష్టమైన జవాబు రాకపోతే 30 మైక్రాన్ల మామూలు షీటు కొని, చివరి కోత అయిన వెంటనే, ఎండకు పెళుసెక్కకముందే చుట్టగా చుట్టి తీసేయడం మేలు. పలుచని షీటు అంతదాకా ఆగదు, చేతిలోనే చిరుగుతుంది.